ఎడమ దిక్కు చప్పుడు

ఆ బండి కొన్న మొదటి రోజే మా కాంపౌండర్ అన్న నెత్తి పైకప్పుకు కొట్టుకుంది. మొయినాబాద్ నుంచి చేవెళ్లకు వస్తున్నాం. ఒక ఊరి ముందు స్పీడ్ బ్రేకర్ వస్తే బాగా నెమ్మది చేసే ఎక్కించాను. అయినా ముందు చక్రాలు దిగేసరికి ఇద్దరం సీట్లోంచి లేచిపోయాం. ఆయన నెత్తి తడుముకుంటూ నవ్వాడు.

"బండి గొన్నవా డాక్టరమ్మా, దున్నపోతును గొన్నవా?"

నేనూ నవ్వాను. అప్పటికి అది నవ్వుకునే సంగతే.

నేను పశువుల డాక్టర్‌ని. సర్కారు ఉద్యోగం కాదు, సొంతంగా తిరిగి వైద్యం చేస్తాను. మా నాన్న చేవెళ్ల బజారులో కిరాణా దుకాణం నడిపేవాడు. ఇప్పుడు ఆ దుకాణంలో సగం తమ్ముడి సరుకు, సగం నా మందుల బీరువాలు. పొద్దున ఏడింటికల్లా ఫోన్లు మొదలవుతాయి. ఫలానా ఊళ్లో ఆవుకు జ్వరం, ఫలానా బావి దగ్గర బర్రె మేత ముట్టడం లేదు. ఆరేళ్లు స్కూటర్ మీదనే తిరిగాను. వానాకాలంలో మాత్రం నల్లరేగడి బాటల్లో స్కూటర్ చక్రానికి మట్టి చుట్టుకుని అడుగు కదలదు. రెండుసార్లు పడ్డాను. ఒకసారి మణికట్టు విరిగింది. అప్పుడు అనుకున్నాను, బురదలో పోయే బండి ఒకటి ఉండాలని.

కాంపౌండర్ అన్నది షాబాద్. యాభై దాటిన మనిషి. ఏ చదువూ చదవలేదు, పిలుపు మాత్రమే కాంపౌండర్. పశువు మెడ మీద చెయ్యి వేస్తే అది ఎక్కడ నొస్తుందో ఆయనకు నాకన్నా ముందు తెలుస్తుంది. నేను థర్మామీటర్ తీసేలోపే "దీనికి కడుపుల గాదు, గిట్టల ఉన్నది రోగం" అనేవాడు. తొమ్మిదిసార్లు నిజమయ్యేది, పదోసారి నేను గెలిస్తే రెండు రోజులు మాట్లాడేవాడు కాదు.

బండి మొయినాబాద్ పక్కన ఒక ఫామ్‌హౌస్ వాళ్లది. సిటీలో ఉండే సార్ వారానికోసారి వచ్చి పోతాడు. వాళ్ల కుక్కకు వైద్యం చేయడానికి వెళ్లినప్పుడు షెడ్డులో చూశాను. నాలుగు చక్రాలూ లాగే పాత పికప్పు. ముందు ఇద్దరు కూర్చునే క్యాబిన్, వెనక సామాను వేసే డాలా. సార్ దాన్ని గుట్టల్లో తిప్పుకోవడానికని నాలుగంగుళాలు పైకెత్తించాడట. ఇరుసుల మీద కుదుపును ఆపే కమాన్ పట్టీలు లావువి వేయించి, ట్రాక్టరంత టైర్లు తొడిగించాడు. ఎక్కాలంటే తలుపు పిడి పట్టుకుని ఎగబాకాలి. అడుగుభాగమంతా కొత్తగా నల్ల తారు రంగు పూసి ఉంది. తుప్పు పట్టకుండా వేయించామని మేనేజర్ చెప్పాడు. సార్ కొత్తది కొంటున్నారని, ఇది ఊరికే పడి ఉందని కూడా చెప్పాడు. కుక్క నా చెయ్యి నాకుతూ ఉంటే నేను సరే అన్నాను.

మొదటి పదిరోజులు ఆ కుదుపును భరించాం. ఎత్తు బండి, గట్టి కమాన్లు, ఇట్లాగే ఉంటుందనుకున్నాను. తర్వాత ఒక పొద్దున నా ద్రవ నత్రజని డబ్బా మూతి చుట్టూ తెల్లగా మంచు పేరుకుని కనిపించింది. ఎదకు వచ్చిన పశువులకు వేసే వీర్యం గొట్టాలను ఆ డబ్బాలో గడ్డకట్టే చలిలో దాస్తాం. దానికి రెండు గోడలుంటాయి, మధ్యలో గాలి ఉండదు. బయట మంచు పట్టిందంటే లోపలి గోడ ఎక్కడో చిట్లిందని అర్థం. సాయంత్రానికి లోపలున్నదంతా ఆవిరైపోయింది. అంత గట్టి డబ్బా, గోనెసంచుల మధ్య పెట్టిన డబ్బా, కుదుపుకే పోయింది. అప్పుడు నాకు నవ్వు రాలేదు.

వెతకడం మొదలుపెట్టాను. ముందు టైర్లలో గాలి చూపించాను. లారీకి నింపినట్టు నింపి ఉన్నారు. బాగా తగ్గించాను. చిన్న రాళ్ల మీద మెత్తబడింది, గుంత వస్తే మాత్రం అదే దెబ్బ. తర్వాత చేవెళ్లలో ఒక గ్యారేజీలో చూపిస్తే షాకప్సర్లు పోయాయన్నారు. నాలుగూ కొత్తవి వేయించాను. ఏమీ మారలేదు. ఖాళీ డాలా ఎగురుతుందేమోనని ఆరు ఇసుక సంచులు వేశాను. దాంతో వెనక భాగం నెమ్మదించింది. వెనక చప్పుళ్లు తగ్గేసరికి ముందున్న చప్పుడు ఒక్కటే మిగిలి స్పష్టంగా వినిపించసాగింది. ధబ్ అని, లోతుగా. తలుపు కొట్టుకున్నట్టు ఉండదు, రేకు అదిరినట్టు ఉండదు. మూసిన గదిలో ఎవరో గోడను మడమతో తన్నినట్టు ఉండేది.

"నాకు నడుముల కొడ్తలేదు డాక్టరమ్మా," అన్నాడు కాంపౌండర్ అన్న ఒకరోజు. "కాళ్లల్ల కొడుతున్నది. గీ ఎడమ కాలు కింద. నీకు తెలుస్తలేదా?"

"నాకు సీట్లనే తెలుస్తున్నది."

"నువ్వు అటు దిక్కు కూసుంటివి. ఇటొచ్చి కూసో, తెలుస్తది."

ఆయనకు నాలుగు చక్రాల బండి నడపడం రాదు. నేను తప్ప దాన్ని నడిపేవాళ్లు ఇంకెవరూ లేరు. అందుకని ఆ సీట్లో కూర్చుని చూడలేదు. అప్పటి నుంచి ఆయన కాళ్లు నేలకు ఆనించడం మానేశాడు. చెప్పులు విడిచి, మోకాళ్లు పైకి ముడుచుకుని, సీట్లో గొంతుకూర్చునేవాడు. దారిలో ఎవరైనా చూస్తే నవ్వేవారు.

లారీల కమాన్లు చేసే పాత మిస్త్రీ ఒకడు మొయినాబాద్‌లో ఉన్నాడని పాల వ్యాను డ్రైవర్ చెప్పాడు. ఆ వారం కాంపౌండర్ అన్న మేనకోడలి పెళ్లికని షాబాద్‌లో ఉన్నాడు. ఒక్కదాన్నే తీసుకెళ్లాను.

మిస్త్రీకి డెబ్బై ఉంటాయి. రోడ్డు పక్కన రేకుల షెడ్డు, ముందు పేర్చిన పాత కమాన్ పట్టీలు. నేను చెప్పేదంతా విన్నాడు. బానెట్ తెరవలేదు, పానా ముట్టలేదు. చెప్పులు విడిచి కాంపౌండర్ అన్న కూర్చునే సీట్లో ఎక్కి కూర్చుని రెండు పాదాలూ నేలకు ఆనించాడు.

"నడువు బిడ్డా. మనిషి నడిచినంత మెల్లగ. ఆ గుంతల దింపు."

షెడ్డు ముందున్న గుంతలో మూడుసార్లు దింపాను. మూడోసారి ఆయన కళ్లు మూసుకున్నాడు. దిగి, బండి కింద దూరి, ముందు ఇరుసుకు పైన రెండు పక్కలా ఛాసీకి, అంటే బండి అడుగు చట్రానికి, బిగించి ఉన్న రబ్బరు దిమ్మలకు వేలితో గ్రీజు పూశాడు. చక్రం మరీ పైకొస్తే ఇనుముకు ఇనుము తగలకుండా ఆ దిమ్మలుంటాయట. మళ్లీ ఒక్కసారి నడపమన్నాడు. వచ్చి చూస్తే కుడి దిమ్మ మీద గ్రీజు పూసింది పూసినట్టే ఉంది. ఎడమ దిమ్మ మీద గ్రీజు అణిగి పక్కలకు చిమ్మింది.

"గింత ఎత్తు లేపిన బండికి గీ రబ్బరు తాకుడేంది?" అని తనలో తనే అన్నాడు. "తాకితే రెండు దిక్కుల తాకాలె."

సుతిలి తాడు తీసుకుని బండి కింద మూలమూలలకు కొలిచాడు. ముందు ఎడమ బోల్టు నుంచి వెనక కుడి బోల్టుకు ఒకసారి, ముందు కుడి నుంచి వెనక ఎడమకు ఒకసారి. రెండు కొలతల ముళ్లూ పక్కపక్కన పట్టుకుని చూపించాడు. మధ్యలో రెండు వేళ్ల తేడా ఉంది, అంటే చట్రం వంకరపోయింది. అప్పుడు స్క్రూడ్రైవర్ తీసుకుని, ఎడమ ముందు కమాన్‌ను ఛాసీకి పట్టి ఉంచే కొండీ దగ్గర ఆ కొత్త తారు రంగును గీకడం మొదలుపెట్టాడు. రంగు చర్మంలా ఊడి వచ్చింది. కింద పుండు మానినట్టు ఎగుడుదిగుడుగా వెల్డింగు గీత. దాని మీద అతికించిన ఇనుప పట్టీ.

"అమ్మినోడు జెప్పిండా ఇది?"

"లేదు కాకా."

ఆయన గుడ్డను డీజిల్‌లో ముంచి అక్కడ బాగా తుడిచాడు. పొడి గుడ్డతో మళ్లీ తుడిచి ఆరనిచ్చాడు. చాక్‌పీసు నలగ్గొట్టి ఆ పొడి అద్దాడు. నన్ను కూడా కింద కూర్చోమన్నాడు. ఇద్దరం నేల మీద చతికిలబడి ఆ తెల్లటి చోటును చూస్తూ కూర్చున్నాం. కాసేపు ఏమీ లేదు. తర్వాత వెల్డింగు చివర నుంచి వెంట్రుకంత నల్లగీత ఒకటి పొడిలో తేలింది. చూస్తుండగానే అది పొడుగైంది. పైకి వంకర తిరిగి, ఛాసీ వెడల్పులో సగం దాకా పోయి ఆగింది. పగుల్లో దాక్కున్న డీజిల్ పొడిలోకి ఊరుతోందని ఆయన చెప్పాడు. నాకు మాత్రం ఆ గీత నా కళ్ల ముందే పగులుతున్నట్టు అనిపించింది.

"కమాన్ అంటే ఒంగాలె," అన్నాడు మిస్త్రీ. "వీళ్లు ఒంగని కమాన్ ఏసిండ్రు. కమాన్ ఒంగకుంటే దాన్ని పట్టుకున్నది ఇరుగుతది. ఒకసారి ఇరిగింది, అతికిండ్రు. మల్ల ఇరుగుతున్నది. ఈడ్నే ఇడిసిపో బిడ్డా. ఒక్క దినం గూడ నడపకు."

ఇంటిదాకా నెమ్మదిగా తీసుకెళ్తానన్నాను. ఆయన నా ముఖంలోకి చూసి లోపలికి వెళ్లిపోయాడు.

దారిలో ఫామ్‌హౌస్ దగ్గర ఆపాను. సార్ లేడు, మేనేజర్ ఫోన్ ఎత్తలేదు. గేటు తీసిన వాచ్‌మన్ నన్ను గుర్తుపట్టి మంచినీళ్లు తెమ్మని భార్యకు చెప్పాడు. వాళ్ల గది ముందు నులక మంచం మీద ముప్పై ఏళ్ల మనిషి పడుకుని ఉన్నాడు. ఒక కాలికి మోకాలి నుంచి మడమ దాకా బయటి నుంచి బిగించిన ఇనుప కడ్డీలు. నా బండిని చూడగానే అతను మోచేతుల మీద లేచాడు.

"అన్నా, ఆ బండిని లోపలికి రానియ్యకు."

అతను వాచ్‌మన్ తమ్ముడు. సార్ దగ్గర డ్రైవర్‌గా ఉండేవాడు. కిందటి వానాకాలం ఈ బండే కల్వర్టు గోడకు కొట్టుకుందని, అతని కాలు ఇరుక్కుపోయిందని వాచ్‌మన్ చెప్పాడు. తాగి నడిపాడని సార్ అన్నాడట. దవాఖాన ఖర్చు పెట్టనన్నాడట. వాచ్‌మన్ ఆ మాట చెబుతూ తమ్ముడి వైపు చూడలేదు. సొంత అన్న కూడా ఆ మాటే నమ్మాడని నాకు అర్థమైంది.

నేను మంచం దగ్గరికి వెళ్లి నిలబడ్డాను.

"ఎడమ దిక్కే గదా మేడం?" అన్నాడతను. "ధబ్ ధబ్మని?"

"నీకెట్ల తెలుసు?"

"నెలరోజులు ఇన్న నేను. సార్‌కు జెప్పిన. ఎత్తు బండి గట్లనే ఉంటది, నువ్వు నడుపు అన్నడు." మళ్లీ బండి వైపు చూశాడు. "ఆ దినం పొద్దుగాల బండి మెత్తగైంది. చప్పుడు లేదు, కుదుపు లేదు. కొత్త బండి లెక్క పోతున్నది. నేను సంబరపడ్డ. ఏదో దాని అంతట అదే సద్దుకున్నదనుకున్న. గటెన్క అర్ధగంటకు స్టీరింగు తిరగలే."

వాచ్‌మన్ భార్య నీళ్లు తెచ్చింది. తాగాను. అక్కడి నుంచి చేవెళ్ల దాకా గేరు మార్చకుండా, ఎడ్లబండి వేగంతో తీసుకొచ్చాను. వెనక బస్సులు హారన్లు కొడుతూనే ఉన్నాయి. ప్రతి గుంతలో చప్పుడు వినిపించింది. ఆ రోజు వినిపించడమే నాకు ధైర్యంగా అనిపించింది.

బండిని దుకాణం ముందు పెట్టాను. నాలుగు రోజులు ముట్టలేదు. ఆటోల మీద, అడిగి తీసుకున్న మోటార్‌సైకిళ్ల వెనక కూర్చుని తిరిగాను. నాలుగో రోజు కాంపౌండర్ అన్న పెళ్లి లడ్డూల పొట్లంతో వచ్చాడు.

"మిస్త్రీ ఏమన్నడు?"

"కమాన్లు మార్చాలన్నడు. సామాను రావాలంట," అన్నాను.

ఎందుకు అట్లా చెప్పానో నన్ను నేను చాలాసార్లు ప్రశ్నించుకున్నాను. దాచాలని ముందే అనుకున్నది కాదు. నోట్లోంచి వచ్చేసింది. నా స్కూటర్ అమ్మేసి, అందరూ వద్దంటున్నా, మా తమ్ముడితో పోట్లాడి కొన్న బండి. అది ఇనుప పాడె అని ఒప్పుకోవడానికి నాకు ఇంకొన్ని రోజులు కావాలనిపించి ఉంటుంది. ఉన్నది ఉన్నట్టు చెబితే ఆయన ఇక ఆ బండి ఎక్కనే ఎక్కడని కూడా తెలుసు. ఆయన లడ్డూ చేతిలో పెట్టాడు. తిన్నాను.

మరునాడు మధ్యాహ్నం ఆలూరు అవతల నుంచి ఫోన్ వచ్చింది. పొలంలో ఒంటరిగా ఉండే ఒక అవ్వ. ఆమెకు రెండు బర్రెలు, ఆ రెండింటి పాలే బతుకు. పొద్దున్నుంచి వాన పడుతోంది. ఫోన్‌లో వాన చప్పుడుకు ఆమె గొంతు సగమే వినిపించింది.

"బర్రె పొద్దుగాల సంది ముక్కుతున్నది బిడ్డా. దూడ కాలొక్కటే బయటికొచ్చింది. తల వస్తలేదు. జెల్దిరా, నీ కాళ్లు మొక్కుత."

కాలొక్కటే వచ్చి తల వెనక్కి తిరిగి ఉంటే దూడ బతకడం కష్టం. ఆలస్యమైతే తల్లి కూడా బతకదు. ఆటోవాళ్లను అడిగాను. ఆ మట్టిబాటలోకి ఈ వానలో ఎవరూ రామన్నారు. దుకాణం ముందు బండి వాన నీళ్లు కారుస్తూ నిలబడి ఉంది. ఆ బాట కోసమే నేను దాన్ని కొన్నాను.

కాంపౌండర్ అన్న అప్పటికే తాళ్లు, సబ్బునీళ్ల క్యాను, నా సంచి తెచ్చి సీటు మీద పెట్టేశాడు. చెప్పులు విడిచి ఎక్కి గొంతుకూర్చున్నాడు. నేను చెప్పాల్సిన చోటు అదే. తాళం చెవి తిప్పాను.

తారు రోడ్డు ఉన్నంతసేపు నెమ్మదిగా నడిపాను. ప్రతి గుంతకూ ఎడమ వైపు ధబ్ అంది. నేను లెక్కపెట్టడం మొదలుపెట్టాను. చప్పుడు వస్తే ఊపిరి వదిలేదాన్ని. కాంపౌండర్ అన్న పెళ్లి విందు గురించి చెబుతున్నాడు. మటన్ సరిపోలేదట, మగపెళ్లివాళ్లు అలిగారట. నేను ఊఁ కొడుతున్నాను. ఆలూరు దాటి మట్టిబాటలోకి తిరిగాక వాన ఇంకా పెరిగింది. రెండు పక్కలా పత్తి చేలు నీళ్లలో మునిగి ఉన్నాయి. చప్పుడు ఇరవై దాటింది, ముప్పై దాటింది.

ఆ బాటకు అడ్డంగా ఒక ఒర్రె ఉంది. ఎండాకాలం ఇసుక తప్ప ఏమీ ఉండదు. ఇప్పుడు ఎర్రటి నీళ్లు పొర్లుతున్నాయి. దానిలోకి ఏటవాలుగా దిగే దారి ఇంకా నలభై యాభై అడుగుల దూరంలో ఉంది. ఒక పెద్ద గుంతలో ఎడమ చక్రం దిగింది. నేను పళ్లు బిగించాను. చప్పుడు రాలేదు.

ఇంకో గుంత వచ్చింది. దానికీ రాలేదు. బండి పడవలా మెల్లగా ఊగి లేచింది.

కాంపౌండర్ అన్న చిన్నగా నవ్వి, ముడుచుకున్న కాళ్లు కిందికి చాపి పాదాలు నేలకు ఆనించాడు.

"మెత్తగైంది డాక్టరమ్మా! బాగైంది సూడు."

నేను బ్రేకు తొక్కాను. బండి బురదలో జారింది. స్టీరింగు కుడికి తిప్పితే తిరగలేదు, దానంతటది ఎడమకు లాగింది. ఏటవాలు మొదలయ్యే చోటికి కాస్త ఇవతల, చేను గట్టుకు మూతి ఆనించి ఆగింది.

"ఏమైంది?"

"దిగన్నా. దిగు. మొదలు దిగు."

నా గొంతు విని ఆయన తలుపు తీసుకుని దూకాడు. నేను అటువైపు వచ్చేసరికి వానలో వంగి చూస్తున్నాడు. ఎడమ చక్రం తన చోట లేదు. జానెడు వెనక్కి జరిగి, ఆయన ఇప్పటిదాకా కూర్చున్న చోటి కింది రేకును ఒరుసుకుని నిలబడి ఉంది. కొండీ దగ్గర ఛాసీ నోరు తెరిచింది. చెయ్యి పట్టేంత సందు. ఇనుమే వంగిపోతుంటే బండి మెత్తగా ఉండక ఏం చేస్తుంది?

ఆయన ఆ సందును చాలాసేపు చూశాడు. తర్వాత దాని అంచును వేలితో తాకి, ఆ వేలిని నాకు చూపించాడు. వాన తగలని చోట తెల్లటి పొడి ఇంకా అంటుకుని ఉంది.

"గీ చాక్‌పీసు ఎవలు పూసిండ్రు?"

"మిస్త్రీ."

"ఎప్పుడు?"

"నువ్వు షాబాద్‌ల ఉన్నప్పుడు."

"అంటే నీకు ఎర్కే."

"ఎర్కే అన్నా."

 ఆయన వేలిని లుంగీకి తుడుచుకున్నాడు. సీటు మీది నుంచి తాళ్లు, సంచి, క్యాను తీసుకుని ఒర్రె వైపు నడిచాడు. నీళ్లు మోకాళ్ల పైదాకా ఉన్నాయి. ఆయన ముందు దిగి, తాడు ఒక కొస పట్టుకుని, అవతలి గట్టు మీద నిలబడి రెండో కొస నాకు విసిరాడు. నేను దాటేదాకా గట్టిగా పట్టుకున్నాడు. దాటాక తాడు చుట్టుకుని మళ్లీ ముందు నడిచాడు.

అవ్వ రేకుల కొట్టంలో బర్రె పక్కన కూర్చుని దాని మెడ నిమురుతోంది. నేను చెయ్యి లోపలికి పెట్టి చూసేసరికి దూడ అప్పటికే చచ్చిపోయి ఉంది. తల పూర్తిగా వెనక్కి తిరిగి పక్కటెముకలకు ఆనుకుని ఉంది. దాన్ని తిప్పి బయటికి తీయడానికి రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటలూ కాంపౌండర్ అన్న ఎప్పటిలాగే పనిచేశాడు. నేను లాగమన్నప్పుడు లాగాడు, ఆపమన్నప్పుడు ఆపాడు. మాట్లాడింది మాత్రం బర్రెతోనే. "జర ఓర్సుకో తల్లీ, అయిపాయె, ఇంకొంచెం" అంటూనే ఉన్నాడు. తల్లి బతికింది. లేచి నిలబడి నీళ్లు తాగింది. అవ్వ ఏడుస్తూ టీ పెట్టింది. ఆయన టీ గ్లాసు తీసుకుని కొట్టం బయట, చూరు కింద నిలబడి తాగాడు.

వాన తగ్గాక పక్క చేను రైతు ఒకడు మోటార్‌సైకిల్ మీద తారు రోడ్డు దాకా పోతున్నానన్నాడు. కాంపౌండర్ అన్న అతని వెనక ఎక్కి కూర్చున్నాడు. నాకు వస్తానని చెప్పలేదు.

బండిని రెండు రోజుల తర్వాత ట్రాక్టర్‌తో తారు రోడ్డు దాకా లాగించాను. మొయినాబాద్ మిస్త్రీని పిలిపించి, అక్కడికక్కడే దాన్ని కోయించాను. ఇంకెవరి చేతికీ పోకూడదని చెబితే ఆయన తల ఊపి, ఛాసీని మూడు చోట్ల కోశాడు. విరిగిన అంచును నాకు చూపిస్తూ, సగం దాకా ఇనుము తెల్లగా మెరుస్తోందని, మిగతా సగం నల్లగా పాతతుప్పు పట్టి ఉందని అన్నాడు. నేను కల్వర్టు సంగతి చెబితే, కొట్టుకోవడంతోనే విరిగిందైతే ఆ తుప్పు అంత లోపలిదాకా, వెల్డింగు కిందదాకా ఉండదట. కొట్టుకోవడానికి ముందే అది పగిలి ఉందన్నాడు.

ఆ ముక్కను కోయించి సంచిలో వేసుకుని ఫామ్‌హౌస్‌కు వెళ్లాను. మంచం మీద ఉన్న మనిషి దాన్ని రెండు చేతులా పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. మిస్త్రీ చెప్పింది చెప్పాను.

"మా అన్నకు గూడ జెప్పుండ్రి మేడం," అన్నాడు.

వాచ్‌మన్‌ను పిలిచి, అతని భార్య ముందర మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వాచ్‌మన్ గోడకు ఆనుకుని విన్నాడు. తర్వాత మంచం కాళ్ల దగ్గర కూర్చుని తమ్ముడి మంచి కాలి మీద చెయ్యి వేశాడు. సార్‌కు నేను ఫోన్ చేస్తే, "పాత బండి, చూసుకునే కొన్నారు కదా" అని పెట్టేశాడు. ఆ తర్వాత ఆయన నంబరు నాకు కలవలేదు. నేనూ మిస్త్రీ సంతకాలు పెట్టి రాసిచ్చిన కాగితం ఇప్పుడు ఆ అన్నదమ్ముల దగ్గర ఉంది. వాళ్లు వకీలును కలిశారు. ఏమవుతుందో ఇంకా తెలియదు.

కాంపౌండర్ అన్న ఎనిమిది రోజులు రాలేదు. ఫోన్ ఎత్తలేదు. నేను షాబాద్ వెళ్లి వాళ్ల ఇంటి ముందు నిలబడి వెనక్కి వచ్చేశాను. తొమ్మిదో రోజు పొద్దున దుకాణం తీసేసరికి మెట్ల మీద కూర్చుని ఉన్నాడు. నేను తప్పయిందని చెప్పబోతే చెయ్యెత్తి ఆపాడు.

"నువ్వు గూడ అండ్లనే కూసున్నవ్. నన్ను ఒక్కన్ని పంపలే. గదొక్కటి అనుకొని ఒచ్చిన," అన్నాడు. "కని ఆ ముసల్ది ఏడ్సుకుంట ఫోన్ జేస్తే, నువ్వు సంగతి జెప్పినా నేను ఒచ్చేటోన్నేమో. ఒచ్చుడా రాకపోవుడా, అది నేను జూసుకునేటోన్ని గద డాక్టరమ్మా. అది నువ్వెట్ల జూస్తవ్?"

నేను ఆయన పక్కన మెట్టు మీద కూర్చున్నాను.

నేను మళ్లీ పాత స్కూటర్ ఒకటి కొన్నాను. ఆయన తన మోటార్‌సైకిల్ మీద నా వెనక వస్తాడు. నా బండి ఎక్కడు. నేను పిలవను కూడా. ఫోన్ రాగానే బాట ఎట్లా ఉందో, పశువు పొడిచేదో కాదో, పిచ్చికుక్క కరిచిన పశువేమోనన్న అనుమానం ఉందో లేదో అన్నీ ఆయనకు ముందు చెబుతాను. ఆయన వింటాడు, కాసేపు ఆలోచిస్తాడు. చాలాసార్లు తాళ్లు అందుకుంటాడు. ఒక్కొక్కసారి మాత్రం "నేను రాను" అంటాడు. అప్పుడు నేను ఒక్కదాన్నే పోతాను.